శిక్షయా? దండనమా?

తిరుమల బ్రహ్మోత్సవములందు ఎనిమిదవ దినమునకు ఒక విశేషము కలదు. ఆనాటి ఉదయమున శ్రీ మలయప్పస్వామి శ్రీదేవీ భూదేవీ సమేతుడై మహారథము నధిరోహించి మాడవీథులయందు విహరించును. ఆ రాత్రియే స్వామి అశ్వవాహనారూఢుడై కల్కి అలంకారమున భక్తులకు దర్శన మొసగును. పగలు రథము, రేయి అశ్వము. ఈ రెండు సేవలను ఒకే దినమున దర్శించిన భాగ్యవంతునకు కఠోపనిషత్తునందలి రథరూపకము స్మృతిపథమునకు వచ్చుట సహజము.

యమధర్మరాజు నచికేతునకు ఉపదేశించిన ఆ రూపకమున శరీరము రథము, జీవాత్మ రథికుడు, బుద్ధి సారథి, మనస్సు పగ్గము, ఇంద్రియములు అశ్వములు, శబ్దస్పర్శాది విషయములు ఆ అశ్వములు పోవు మార్గములు. సారథి వివేకవంతుడై పగ్గమును చక్కగా పట్టినయెడల రథికుడు చేరు గమ్యము సాక్షాత్తు శ్రీమహావిష్ణువు పరమపదమని శ్రుతి నిర్ణయించినది. అవివేకియగు సారథికి ఇంద్రియములు దుష్టాశ్వములవలె వశము తప్పుననియు, వివేకికి సదశ్వములవలె వశమునందుండుననియు అచ్చట చెప్పబడినది.

ఇచ్చట ఒక సంశయము కలుగవచ్చును. దుష్టాశ్వము సదశ్వముగా మారుట ఎట్లు? పుట్టినది మొదలు పగ్గమునకు ఒదిగియుండు గుర్రము లోకమున లేదు. కొట్టియైనను, కడుపు మాడ్చియైనను దానిని లొంగదీయవలెనని కొందరందురు. ఓర్పుతో నేర్పవలెనని మరికొందరందురు. ఈ వివాదము గుర్రపుసాలకు మాత్రమే సంబంధించినది కాదు. ఏకాదశినాడు ఆకలి నోర్చుకొను ఉపవాసికి, నోటిదాక వచ్చిన కోపమును దిగమ్రింగు గృహిణికి, బెత్తము చేతబట్టిన తండ్రికి, శిష్యుని యెదుట కూర్చున్న గురువునకు ఇది నిత్యము ఎదురగు ధర్మసంకటమే. నిగ్రహ మనగా హింసయేనా? కానిచో అది ఎట్టిది?

తెలుగునాట 'శిక్ష' యన్నంతనే కారాగారమో, కొరడాయో స్ఫురించును. న్యాయస్థానమున నేరస్థునకు పడునది శిక్ష. కాని సంస్కృతమున ఈ శబ్దమునకు మూలమైన ధాతువు విద్యను గ్రహించుట యను అర్థమును తెలుపును. వేదాంగము లారింటిలో శిక్ష యొకటి. తైత్తిరీయోపనిషత్తునందలి మొదటి వల్లి శిక్షావల్లి. అచ్చట దండన ప్రసక్తి లేశమైనను లేదు. 'వినయ' శబ్దమును ఇట్టిదే. తెలుగున వినయ మనగా అణకువ. సంస్కృతమున నడిపించుట యను మూలార్థమునుబట్టి అది శిక్షణమును గూడ తెలుపును. విరాటుని కొలువున చేరిన నకులుడు తాను అశ్వముల ప్రకృతిని, వాని వినయమును, దుష్టాశ్వములయెడ మెలగవలసిన తీరును, చికిత్సను ఎరుగుదునని చెప్పుకొన్నాడు. ఆ చెప్పిన క్రమము గమనింపదగినది. మొదటిది ప్రకృతి జ్ఞానము. శిక్షణము దాని తరువాతిది. దుష్టాశ్వమునకు సైతము మెలకువయే చెప్పబడినది గాని కొరడా చెప్పబడలేదు. ఆ అజ్ఞాతవాసమున నకులునకు తిక్కన సోమయాజి భారతమునందు దామగ్రంథి యని పేరు. దామ మనగా త్రాడు. గ్రంథి యనగా ముడి. అశ్వవిద్యకు త్రాటినెరిగిన వాడే అధికారి యని ఆ పేరు సూచించుచున్నట్లున్నది.

గుర్రము నెక్కకమున్ను, నేలమీద నిలిచి, పొడవైన త్రాటితో దానిని మండలాకారమున త్రిప్పుచు నేర్పు విద్య ఒకటి కలదు. ఫ్రెంచి భాషలో ఆ త్రాటికి లోంజ్ అని పేరు. తెలుగున దీనిని మండలశిక్షణమని చెప్పుకొనవచ్చును. ఈ విద్య సంప్రదాయబద్ధముగా నేటికిని నిలిచియున్న స్థలములలో ఆస్ట్రియా దేశపు రాజధానియగు వియన్నా నగరము ముఖ్యమైనది. అచ్చటి స్పానిష్ అశ్వారోహణ పాఠశాల చరిత్ర 1565వ సంవత్సరమునుండి లెక్కింపబడుచున్నది. నేడు గుర్రములు తిరుగాడు విశాలమైన శ్వేతమందిరము 1735లో పూర్తియైనది. ఆ విద్యను 2015లో యునెస్కో మానవజాతి సాంస్కృతిక వారసత్వములలో చేర్చినది. అచ్చటి లిపిజానర్ జాతి గుర్రములు పుట్టునపుడు నల్లగానో, గోధుమవన్నెగానో ఉండును. ఏండ్లు గడిచినకొలది వన్నె తేటపడి, తుదకు పాలవలె తెల్లనగును. రౌతులు మందిరమున ప్రవేశించునపుడు, దానిని కట్టించిన ఆరవ చార్లెస్ చక్రవర్తి చిత్రపటమునకు టోపీ తీసి వందనము చేయుదురు. వారి పొడవైన అంగీ వెనుక అంచున ఒక జేబు దాగియుండును. అందుండునది కొరడా కాదు, గుర్రమునకు పెట్టవలసిన చక్కెర.

నాలుగేండ్ల ప్రాయమున పాఠశాలకు వచ్చిన గుర్రమునకు మొదట నేర్పునది ఈ మండలశిక్షణమే. ముక్కుపై మెత్తని పట్టీ గల తలకట్టు దానికి తొడుగుదురు. ఆ పట్టీకి గల ఉంగరమునకు 7 లేక 8 మీటర్ల పొడవుగల పగ్గమును తగిలింతురు. లేతనోటిలోని కళ్లెమును లాగి నొప్పి కలిగింపకుండుటకే ఈ ఏర్పాటు. శిక్షకుడు వలయమధ్యమున నిలుచును. గుర్రము అతని చుట్టును తిరుగును. ఒక చేత పగ్గము, రెండవ చేత పొడవైన కొరడా ఉండును. పగ్గము గుర్రము తలవైపునకు, కొరడా దాని వెనుకకాళ్లవైపునకు చాచబడియుండును. శిక్షకుడు శిఖరముగా, గుర్రము భూమిగా ఒక త్రిభుజ మేర్పడును. ఆ కొరడా కొట్టుటకు గాదు, చూపుటకు. సభయందు విద్వాంసుడు వ్రేలెత్తి చూపినట్లు అది దిక్కును నిర్దేశించును. శిక్షకుడు ఒక అడుగు ముందునకు వేసినచో గుర్రము నెమ్మదించును. ఒక అడుగు వెనుకకు జరిగినచో ముందునకు సాగును. అతడు నిలుచు తీరే ఆజ్ఞ యగును.

ఈ విద్యయందు కొన్ని నియమములు కలవు. అవి కేవలము గుర్రమునకు చెప్పినవి కావు. మొదటి నియమము: పగ్గమును చేతికి చుట్టుకొనరాదు. మడతలు మడతలుగా అరచేత పట్టవలెను. చుట్టుకొన్నవాడు, గుర్రము బెదరి పరుగెత్తినపుడు చేయి నలిగి, నేలపై ఈడ్వబడును. రెండవ నియమము: పగ్గము సడలి నేల రాయరాదు, బిగిసి గుంజరాదు, ఆవలి ప్రాణి కదలిక ఈవలి చేతికి తెలియునంత పట్టు మాత్రమే ఉండవలెను. మూడవది: వలయము మిక్కిలి చిన్నది కారాదు. లేతకీళ్లపై బరువు పడి గుర్రము కుంటిదగును. నాలుగవది: కాలపరిమితి. సాధారణముగా 20 నిమిషములు మొదలు అరగంట చాలును. ఇంకను లేతదైనచో అంతకంటెను తక్కువ. ఐదవది: కుడియెడమల సమత్వము. ప్రతి గుర్రమునకును స్వభావముచేత ఒక వైపు వంగుట సులభము, రెండవ వైపు కష్టము. సులభమైన వైపే త్రిప్పినచో శిక్షకునకు సుఖము, గుర్రమునకు వంకర. కష్టమైన వైపు ఓర్పుతో త్రిప్పినపుడే దాని నడక సరియగును.

ఇక శబ్ద విషయము. శిక్షకుడు గుర్రమును ఎక్కువగా నడిపించునది కంఠముతోనే. తైత్తిరీయ శిక్షావల్లియందు శిక్షకు ఆరు అంగములు చెప్పబడినవి: వర్ణము, స్వరము, మాత్ర, బలము, సామము, సంతానము. గుర్రమునకు వర్ణజ్ఞానము లేదు. జర్మన్ భాషలో పిలిచినను, తెలుగున పిలిచినను దానికి అక్షరముల భేదము పట్టదు. కాని స్వరము పట్టును, మాత్ర పట్టును, బలము పట్టును. మందరస్వరమున దీర్ఘముగా పలికినచో నెమ్మదించును. ఉచ్చస్వరమున హ్రస్వముగా పలికినచో వేగము హెచ్చించును. ఆ పలుకులో ఏ దినమునకు ఆ దినము మార్పు రాకుండవలెను. ఇట్లు నడిపించి శిక్షకుడు సాధింపగోరునది ఏమి? నడకలో సమత్వము, ఒక గతినుండి మరియొక గతికి తెగకుండ సాగు కూర్పు. ఇవియే సామము, సంతానము. వేదమును చెప్పుకొను వటువునకును, మండలమున తిరుగు గుర్రమునకును శిక్ష యొక్కటియే యనుట చమత్కారము కాదు. ఎచ్చట నేర్పు కలదో అచ్చట ఈ అంగము లుండి తీరును.

ఇట్టి శిక్షణము నిన్నటిది కాదు. టర్కీ దేశమున, ప్రాచీన హిట్టైటుల రాజధాని శిథిలములలో లభించిన మట్టిపలకలపై కిక్కులి యను అశ్వశిక్షకుని గ్రంథము కలదు. అతడు మితన్ని దేశస్థుడు. ఆ పలకలు సుమారు 3300 ఏండ్ల నాటివి. గుర్రమును ఎన్ని మారులు త్రిప్పవలెనో చెప్పుచోట అయికవర్తన్న, తేరవర్తన్న, పంజవర్తన్న, సత్తవర్తన్న, నవర్తన్న యను పదములు అందున్నవి. సంస్కృత మెరిగినవారికి వీని యర్థము చెప్పనక్కరలేదు. ఏకము, త్రయము, పంచకము, సప్తకము, నవకము. వర్తన మనగా తిరుగుట. అంత దూరదేశమున, అంత పూర్వకాలమున, గుర్రపు మలుపులను లెక్కించుటకు వాడిన మాటలు వేదభాషకు తోబుట్టువులు. అశ్వమును త్రిప్పి నేర్పుట ఎంత పురాతనమో దీనివలన తెలియుచున్నది.

కాని మార్గము ఎల్లపుడు మృదువుగా సాగలేదు. సోక్రటీసు శిష్యులలో నొకడగు జెనోఫన్ క్రీస్తుకు పూర్వము 4వ శతాబ్దమున అశ్వవిద్యపై గ్రంథము వ్రాసెను. కోపముతో గుర్రమును సమీపింపరాదనియు, బలవంతముచే చేయించిన పనిలో గుర్రమునకు అవగాహన ఉండదనియు, కొట్టి ఆడించిన నర్తకునివలె దానియందు అందమును ఉండదనియు అతని మతము. తరువాతి కాలమున ఈ మాట మరుగుపడినది. 1550లో ఇటలీ దేశపు నేపుల్సు నగరవాసి గ్రిసోనె వ్రాసిన గ్రంథమున ఎదురుతిరిగిన గుర్రమునకు క్రూరదండనములు విధింపబడినవి. ఆ గ్రంథము ఐరోపా అంతటను వ్యాపించినది. పిమ్మట ఫ్రాన్సు దేశమున ప్లూవినెల్ అను ఆచార్యుడు, బాలుడగు పదమూడవ లూయీ రాజునకు అశ్వవిద్య నేర్పినవాడు, గుర్రమును ఒక స్తంభము చుట్టును త్రిప్పి, మెచ్చుకొనుచు నేర్పు పద్ధతిని ప్రచారము చేసెను. అతని గ్రంథము మరణానంతరము 1623లో వెలువడినది. గుర్రము శరీరముకంటె దాని మనస్సునకే ముందు పని చెప్పవలెనని అతని తాత్పర్యము. 1733లో లా గెరినియేర్ వ్రాసిన గ్రంథము ఈ మృదుమార్గమును శాస్త్రముగా స్థిరపరచినది. వియన్నా పాఠశాలకు నేటికిని అదియే ఆధారము.

ఇప్పుడు పూర్వపక్షమును విచారింపవలెను. "కొరడా దెబ్బతో ఒక్క దినమున అగు పనికి ఏండ్లు వ్యర్థపుచ్చుట ఏల? భయమున్న చోటనే క్రమముండును. కొట్టినను, బుజ్జగించినను గుర్రము తిరుగునది ఆ వలయముననే గదా!" యని ఒకడు అడుగవచ్చును. వెలుపలినుండి చూచువానికి ఈ మాట నిజమే. రెండు గుర్రములును తిరుగును. కాని తెలిసినవాడు చూచునది వలయమును గాదు. భయముచే తిరుగు గుర్రము మెడ నిక్కించును, వీపు బిగించును, తోక అదుముకొనును, ఊపిరి పైపైన ఆడును. దాని పగ్గము ఎల్లపుడు బిగిసియేయుండును. ఏలనన అది వెలుపలకు పారిపోగోరుచున్నది. నమ్మకముతో తిరుగు గుర్రము మెడ దించును, వీపు ఊగును, పెదవులు కదల్చుచు నమలును, లోపలివైపు చెవిని శిక్షకునివైపు త్రిప్పి వినుచుండును. ఈ రెండింటి భేదము స్పష్టముగా తెలియునది పగ్గము విప్పిన క్షణముననే. మొదటిది పరుగెత్తిపోవును. రెండవది వచ్చి నిలుచును.

గీతయందు భగవానుడు ఈ మొదటి స్థితికే మిథ్యాచార మని పేరు పెట్టినాడు. కర్మేంద్రియములను బిగబట్టి, మనస్సున విషయములనే తలపోయువాడు వెలుపలికి శాంతుడు, లోపల పరుగెత్తువాడు. ప్రాణులు తమ ప్రకృతి ననుసరించియే పోవుచుండగా నిగ్రహము ఏమి చేయగలదని స్వామియే అదే అధ్యాయమున ప్రశ్నించుటయు గమనింపదగినది. నిగ్రహము వలదని ఆ వాక్యమునకు అర్థము కాదు. ప్రకృతిని తెలియక పైనుండి అదుముటకే నిగ్రహమని పేరు పెట్టినచో అది నిష్ఫలమని తాత్పర్యము. మనస్సు చంచలమని అర్జునుడు మొరపెట్టుకొన్నపుడు స్వామి చెప్పిన ఉపాయము అభ్యాసము, వైరాగ్యము. అభ్యాస మనగా మరల మరల త్రిప్పుట. తొలగిపోయిన మనస్సును, ఎచ్చటికి పోయినదో అచ్చటినుండి తిరిగి తెచ్చి ఆత్మయందు నిలుపవలెనని చెప్పబడినది. తెచ్చుటకే ఆజ్ఞ, కొట్టుటకు గాదు.

ఇట్టి గృహ మొకటి ఊహింపదగినది. తండ్రి ఆచారవంతుడు. తెల్లవారుజామున కుమారుని లేపి, బెత్తము ప్రక్కన నుంచుకొని, విష్ణుసహస్రనామము వల్లె వేయించినాడు. ఒక్క నామము తప్పినను దెబ్బ. పదేండ్లు నిండకమున్నే బాలునకు వేయినామములును తప్పులేక వచ్చినవి. ఊరివారు మెచ్చిరి. బాలుడు పెరిగి, ఉద్యోగార్థమై దూరదేశమునకు పోయినాడు. వృద్ధుడైన తండ్రి అచ్చటికి వెళ్లి నెలదినము లున్నాడు. కుమారుడు తండ్రికి ఏ లోటును రానీయలేదు, ఒక్కనాడును ఎదురాడలేదు. కాని ఆ ఇంట సహస్రనామము వినబడలేదు. ఒక సాయంకాలము తండ్రి ఆగలేక పారాయణ మారంభించెను. ఆ శబ్దము వినినంతనే కుమారుని భుజములు తెలియకయే ముడుచుకొన్నవి. చూచిన తండ్రి నోట నామము నిలిచిపోయినది. బెత్తము తొలగిన నాడే నామమును తొలగినదని అతనికి అప్పుడు తెలిసినది. ఆ తండ్రి దుష్టుడు కాడు. కుమారునకు పరమార్థమునే ఈయగోరినాడు. కాని భగవన్నామమునకు భయమును జోడించి యిచ్చినాడు. కుమారుడు భయమును విడువగోరి నామమునుగూడ విడిచినాడు. ఇట్టి గృహములు లోకమున లేకపోలేదు.

ఇంతకంటె కఠినమైన ఆక్షేపణ మరియొకటి కలదు. "మృదువుగా నేర్పినను నేర్పునది బంధమే గదా! మనుష్యుని మోయవలెనని గుర్రము కోరలేదు. చక్కెర పెట్టి లోబరచుకొనుట కొరడాకంటె తియ్యనైన వంచన మాత్రమే. స్వేచ్ఛగా మేయు ప్రాణికి త్రాడేల?" దీనికి సమాధానము సులభము కాదు. గుర్రము మానవుని కోరలేదనుట సత్యము. మండలశిక్షణమును గూడ దుర్వినియోగము చేయువారు కలరు. గుర్రము అలసిపోవువరకు చిన్నవలయమున త్రిప్పి, కాళ్లు చెరచి, దానినే మృదుమార్గమని చెప్పుకొనువారు లేకపోలేదు. కావున కొరడా వాడకపోవుట యొక్కటియే ధర్మము కానేరదు. పగ్గము పట్టినవాడు ఏమి ఋణపడినాడు, ఆ ఋణమును తీర్చుచున్నాడా యనునదియే నిర్ణాయకము.

ఈ విషయమున వియన్నా పాఠశాలయందలి ఒక ఆచారము ఆలోచింపదగినది. అచ్చట పగ్గము కట్టబడునది లేతగుర్రమునకు మాత్రమే కాదు. రౌతు కాగోరి వచ్చిన బాలుని, శిక్షితమైన వృద్ధాశ్వముపై కూర్చుండబెట్టి, రికాబులును, చేతికి పగ్గములును లేకుండ, నెలల తరబడి మండలమున త్రిప్పుదురు. గుర్రమునకు భారము కాకుండ, దాని నోటిని ఊతగా పట్టుకొనకుండ, తన దేహమును తాను నిలుపుకొనుట అతడు అప్పుడే నేర్చుకొనును. ముసలిగుర్రము పడుచురౌతునకు గురువు; ముసలిరౌతు పడుచుగుర్రమునకు గురువు. తాను త్రాటియందు తిరుగనివానికి త్రాడు పట్టు అధికారము లేదు. నిగ్రహమును ఇతరులకు విధింపబూనిన తండ్రికి, గురువునకు, అధికారికి ఈ ఒక్క నియమము చాలును.

పార్థసారథి చరితము దీనికి పరమప్రమాణము. సైంధవవధ నాటి యుద్ధమున అర్జునుని అశ్వములు బాణములచే గాయపడి, దప్పిచే డస్సిపోయినవి. చుట్టును శత్రుసైన్యము, సూర్యాస్తమయము లోపల తీరవలసిన ప్రతిజ్ఞ. అట్టి క్షణమున కొరడా ఝళిపించుట లోకరీతి. శ్రీకృష్ణుడు రథము నిలిపెను. అర్జునుడు అస్త్రబలమున నేలను భేదించి జలాశయమును, శరములతో ఒక గృహమును కల్పించెను. స్వామి గుర్రములను విప్పి, తన చేతులతో వాని మేనులనుండి బాణములు పెరికి, ఒడలు నిమిరి, నీరు త్రాగించి, నేలపై పొర్లనిచ్చి, అలసట తీర్చి మరల పూన్చెను. సర్వలోకేశ్వరునకు ఆ రణమధ్యమున గుర్రపువాని పని హీనమని తోచలేదు. చెన్నపట్టణమునందలి తిరువల్లిక్కేణిలో వెలసిన శ్రీ పార్థసారథి ఉత్సవమూర్తి ముఖమున భీష్ముని బాణముల గురుతులు నేటికిని భక్తులకు దర్శనీయములు. పగ్గము పట్టినవాడు దెబ్బలు కొట్టినవాడు కాడు, దెబ్బలు తిన్నవాడు అని ఆ ముఖము చెప్పకయే చెప్పుచున్నది.

కావున సిద్ధాంత మిది. నిగ్రహము హింస కాదు. హింసయగునది నిగ్రహమును కాదు. పట్టునకు ముందు ప్రకృతి జ్ఞానము, పట్టునందు కొలత, పట్టిన తరువాత ఋణము, చివరకు విడుపు, ఈ నాలుగును ఉన్నదే శిక్ష. ఒక్కటి లోపించినను అది దండనము.

గృహస్థుడు తన ఇంద్రియములయెడ దీనిని ఎట్లు ఆచరింపవలెను? ఒక్కనాడు కఠోరోపవాసము చేసి మరునాడు రెట్టింపు భుజించుటకంటె, దినమునకు కొంతసేపు, అలసట రాకమున్నే ముగియునట్లు, నియమముగా జపము చేయుట మేలు. తనకు సులభమైన వైపు తెలిసికొనవలెను. కొందరికి ఆకలి నోర్చుట సులభము, నాలుకను అదుపు చేయుట కష్టము. కొందరికి దానము సులభము, క్షమ కష్టము. సులభమైన వైపే తిరుగుచు తాను సాధకుడనని తృప్తి పడరాదు. మనస్సు బెదరి పరుగెత్తినపుడు దాని వెంటబడి తిట్టుకొనుటకంటె, మెల్లగా పిలిచి మరల వలయమునకు తెచ్చుట మేలు. బిడ్డలయెడ పట్టుదలను చేతికి చుట్టుకొనరాదు. 'నా మాట నెగ్గవలెను' అను మమకారమే ఆ చుట్టు. బిడ్డ బెదరినపుడు ఈడ్వబడువాడు తండ్రియే. ఒక్క నామమైనను ప్రేమతో పలికినపుడు మెచ్చుకొనుట ఆ రౌతు జేబులోని చక్కెర వంటిది. అది లంచము కాదు; నడక సరియైనదని తెలుపు సంకేతము.

చివరకు స్మరింపదగినది మరియొక దామము. శ్రీమద్భాగవత దశమస్కంధమున యశోదామాత వెన్నదొంగను రోటికి కట్టబూనినది. ఆమె చేత కఱ్ఱయును ఉండెను. బాలుడు భయపడుట చూచినంతనే దానిని పారవైచినది. పిదప త్రాడు తీసికొన్నది. ఎంత త్రాడు చేర్చినను రెండంగుళములు తక్కువే. ఇంటనున్న త్రాళ్లన్నియు ముడివేసినను ఆ లోటు తీరలేదు. మాత చెమర్చి, కొప్పు జారి, అలసి నిలిచినపుడు, ఆ శ్రమను చూచి కరుణించి స్వామి తానుగా కట్టువడి దామోదరుడైనాడు. కట్టినది త్రాడు కాదు. ఆ తల్లి ప్రేమను చూచి ఆయన ఇచ్చిన అంగీకారము.

ప్రతి శిక్షణమునందును ఆ రెండంగుళముల లోటు ఉండనే యుండును. శిక్షకుని త్రాడు ఎంత పొడవైనను, అతని విద్య ఎంత గొప్పదైనను, ఆవలి ప్రాణి హృదయమును అది తాకలేదు. ఆ లోటును కొరడాతో పూరింపజూచువాడు దండించువాడు. ఓర్పుతో, శ్రమతో, ప్రేమతో నిరీక్షించువాడు శిక్షించువాడు. బ్రహ్మోత్సవములందు ఎనిమిదవనాటి రేయి అశ్వవాహనముపై వేంచేయు స్వామిని దర్శించునపుడు, ఆ అశ్వము శిరసు ఎత్తి, స్వామిని మోయుచు నిలిచియుండుట భక్తుడు గమనించుగాక. తన ఇంద్రియములును అట్లే, బెదరిపోయినవై గాక, నేర్చినవై ఆ స్వామికి వాహనము లగుగాక యని ప్రార్థించుగాక.